కింది వరుస సమ్మమ్మ

కొత్తవాడ సమ్మమ్మ పన్నెండేళ్ళు నిండేసరికే తల్లిని మించి పెరిగింది. పొడుగుకు తగ్గ వెడల్పును కూడా దేవుడు కొసరి మరీ ఇచ్చాడు. తండ్రి కట్టయ్య మార్కెట్లో బస్తాలు మోసే హమాలీ. తల్లి మొగిలమ్మ జంపఖానాలు నేసే ఇళ్ళకు వెళ్ళి నూలు కండెలు చుట్టేది. హమాలీ కూతురు, పైగా ఆ ఒళ్ళు. ఇంకేముంది, బడిలో ఆ పిల్లకు 'బస్తా' అని పేరు పెట్టేశారు. పెట్టిన మహానుభావుడెవడో గాని, వాడి నోరు పడిపోను, ఆ పేరు బడి గోడ దాటి వాడంతా పాకింది. చివరికి కిరాణా కొట్టు ఆసామి కూడా "ఏం గావాలె బస్తా?" అని అడిగేవాడు. అదేదో ముద్దు చేస్తున్నానని ఆయన అనుకోవడం!

సమ్మమ్మ ఏడవలేదు, ఎదురు తిట్టలేదు. మాట్లాడటం తగ్గించింది, అంతే. ఏది అడిగినా "ఏమో" అనేది. అన్నం తిన్నావా అంటే ఏమో. రేపు బడి ఉందా అంటే ఏమో. కాలికి ఆ దెబ్బెక్కడిది అంటే దానికీ ఏమో. ఆ ఏమో వెనక ఒక పిల్ల ఉందని కనుక్కునే తీరిక ఎవరికుంది? మొగిలమ్మకు నూలు, కట్టయ్యకు బస్తాలు, పంతుళ్ళకు గదినిండా పిల్లలు. పిల్ల నెమ్మదస్తురాలని అందరూ మెచ్చుకున్నారు కూడా.

డెబ్బై ఆరులో, చలికాలం మొదట్లో ఒక శనివారం. మొగిలమ్మ పనిచేసే ఇంట్లో రంగు దిగి చెడిపోయిన జంపఖానాలు కొన్ని మూలన పడి ఉన్నాయి. చర్చి వెనక హాస్టల్ పిల్లలకు వాటిని ఇస్తానని ఇంటి యజమాని మాటిచ్చాడు. మోసుకుపోవడానికి మనిషి కావాల్సి వచ్చింది. మనిషెందుకు, బస్తా ఉంది కదా అన్నారు. అన్నిటినీ కలిపి చుట్టి సమ్మమ్మ నెత్తికెత్తారు. యజమాని కొడుకు శ్రీనివాస్, సమ్మమ్మ ఈడువాడే, దారి చూపించడమనే బరువైన పని మీద వేసుకుని చేతులూపుకుంటూ ముందు నడిచాడు.

హాస్టల్ ఆవరణలో వింత సంబరం సాగుతోంది. ఇద్దరు పిల్లలు తలకిందులుగా చేతుల మీద నడుస్తున్నారు. ఒకడు గుడ్డపేలికలతో కుట్టిన బంతుల్ని గాలిలోకి వరసగా ఎగరేసి పట్టుకోబోతున్నాడు. అవి వాడి చేతికి తప్ప అన్నిటికీ తగులుతున్నాయి. ఒక బంతి అప్పుడే వంటింటి పెంకుల మీదికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. వీళ్ళ మధ్య నెరిసిన మీసాలాయన ఒకడు, లుంగీ పైకి మడిచి కట్టి, పిల్లలతో సమానంగా అరుస్తున్నాడు. ఆయన కృపానందం. ఆ హాస్టల్ వంటమనిషి. పిల్లలకు మాత్రం సర్కస్ సార్.

కృపానందంది డోర్నకల్. తండ్రి రైలు పట్టాల మీద గ్యాంగులో పనిచేసేవాడు. కొడుకును కూడా రైల్వేలో పెట్టాలనుకున్నాడు. ఒకసారి ఊళ్ళోకి సర్కస్ వచ్చింది, ఆట చూడ్డానికి పోయిన కొడుకు డేరాతో పాటే వెళ్ళిపోయాడు. ఊరూరా తిరిగి, ఎడమ భుజం విరగ్గొట్టుకుని, చెయ్యి చెవి దాటి పైకి లేవని స్థితిలో తిరిగొచ్చాడు. చర్చివాళ్ళు వంటపని ఇచ్చారు. పప్పు ఉడికే లోపల ఊరికే కూర్చోలేక పిల్లలకు పిల్లిమొగ్గలు నేర్పించడం మొదలుపెట్టాడు. అది కాస్తా శనివారం సర్కస్ అయి కూర్చుంది. టికెట్ లేదు, డేరా లేదు, చూసేవాళ్ళు కూడా లేరు. ఆడే పిల్లలే అంతా.

జంపఖానాల చుట్ట ఎక్కడ దించాలో సమ్మమ్మ అడగలేదు. ఎవరూ చెప్పలేదు కాబట్టి నిలబడింది. శ్రీనివాస్ బంతుల దగ్గరికి పరుగెత్తి ఆమెను మరిచిపోయాడు. చాలాసేపటికి కృపానందం వెనక్కి తిరిగి చూశాడు. నెత్తిన అంత బరువు పెట్టుకుని, కదలక మెదలక ఒక ఆడపిల్ల. ఆయన దగ్గరికొచ్చి ఆమె చుట్టూ ఒకసారి తిరిగాడు.

"బిడ్డా, మెడ నొస్తలేదా?"

"ఏమో."

"పేరేంది?"

"బస్తా, సార్," అన్నాడు దూరం నుంచి శ్రీనివాస్.

"నిన్నడుగలేదురా. ఈ బిడ్డనడిగిన." ఆయన మళ్ళీ ఆమె వైపు తిరిగి, జవాబు వచ్చేదాకా ఎక్కడికీ పోయేది లేదన్నట్టు నిలబడ్డాడు.

"సమ్మమ్మ," అంది చివరికి.

"సమ్మమ్మా, నిలబడ్డవు సూడు, అట్ల నిలబడుడు అందరికి రాదు. నేర్పితె గూడ రాదు. వచ్చే శనివారం రా."

చుట్ట తానే పట్టి దించాడు. సమ్మమ్మకు అప్పటిదాకా ఎదుటివాళ్ళు చెప్పిన మాటలు రెండే రెండు: పట్టుకుపో, పక్కకు జరుగు. రమ్మని పిలిచినవాళ్ళు లేరు. వచ్చే శనివారం దాకా ఆ వారమంతా ఆమెకు ఎంత పొడుగైందో ఆమెకే తెలుసు.

ఆ జంపఖానాలు పరుపులయ్యాయి. వాటి మీద గోపురం కట్టడం మొదలైంది. కింద ముగ్గురు నిలబడతారు. వాళ్ళ భుజాల మీద ఇద్దరు. ఆ ఇద్దరి మీద ఒకరు. కింది వరుసలో సమ్మమ్మ నడుమ, శ్రీనివాస్ ఒక పక్క, హాస్టల్ పిల్లవాడు ఇంకో పక్క. అన్నిటికన్నా పైన రాహేలు. రాహేలు హాస్టల్లో అందరికన్నా చిన్నది, అమ్మానాన్నలు ఊళ్ళో కూలికి పోతారు, వచ్చిన కొత్తలో రోజూ ఏడ్చేది. సర్కస్‌లో చేరాక ఏడవడానికి తీరిక దొరకడం లేదు.

కాని గోపురం లేస్తేగా! పైకెక్కే పిల్ల కింది పిల్ల భుజం మీద కాలు పెడుతుంది. పెట్టగానే వంగి, ఆ భుజాన్ని చేత్తో తాకి కళ్ళకద్దుకుంటుంది. అంతే, అందరూ కుప్పకూలతారు. కాలు తగిలితే కళ్ళకద్దుకోవడం మన పిల్లలకు నడకతో పాటే వచ్చేస్తుంది. హాస్టల్లో ప్రార్థన చేసే పిల్లలూ అంతే, వాడలో బోనం ఎత్తే ఇంటి పిల్లలూ అంతే. వద్దని సార్ ఎంత చెప్పినా చెయ్యి దానంతటదే పోతుంది. ఒకసారి కాలు పెట్టకముందే ఒక పిల్ల వంగి మొక్కింది, ముందే అయిపోతుందని. ఎక్కాక అలవాటు కొద్దీ మళ్ళీ వంగింది.

కృపానందానికి చిరాకు వచ్చింది గాని నవ్వాగలేదు. అందర్నీ జంపఖానా మీద గుండ్రంగా కూర్చోబెట్టాడు.

"మొక్కుడు మానుమంటలేను. మంచి అలవాటే అది. కని పైన మొక్కితె పడుడే. దాచిపెట్టుకోండ్రి. కిందికి దిగినంక, ఎవరి మీద ఎక్కిన్రో వాళ్ల దగ్గరికి పోయి, అప్పుడు మొక్కుండ్రి."

ఆ రోజు గోపురం మొదటిసారి లేచింది. ఊపిరి పీల్చి వదిలేంతసేపే నిలిచింది గాని లేచింది. దిగాక పిల్లలు వరసగా వచ్చి కింద నిలబడ్డవాళ్ళ భుజాలు తాకి కళ్ళకద్దుకున్నారు. రాహేలుకు సమ్మమ్మ భుజం అందలేదు. సమ్మమ్మ వంగింది. ఆ చిన్న వేళ్ళు భుజాన్ని తాకి వెళ్ళిపోయాయి. బస్తా అని గిచ్చిన చేతులు, నెత్తిన బరువులు పెట్టిన చేతులు సమ్మమ్మకు తెలుసు. ఇట్లా తాకే చెయ్యి ఒకటుంటుందని ఆమెకు తెలియదు. ఇంటికి పోతూ పోతూ తన భుజాన్ని తానే ఒకసారి తడుముకుని చూసుకుంది. ఇల్లు చేరేదాకా తల ఎత్తలేదు.

ఆ సర్కస్‌లో ఇంకో పద్ధతి ఉండేది. ఎక్కమనే మాట, దిగమనే మాట కింద మోసేవాళ్ళ నోటి నుంచే రావాలి. సార్ చెప్పడు, పైవాళ్ళు చెప్పకూడదు. ఆ పద్ధతి ఎందుకో ఒకరోజు గుండ్రంగా కూర్చున్నప్పుడు ఆయనే చెప్పాడు.

"సర్కస్‌ల నేనెప్పుడు కిందనే. పైన నిలబడెటోడు పెద్ద ఆటగాడు, మాటంత వానిదే. ఒకనాడు ఆట నడుమ నా భుజం కలుక్కుమన్నది. దిగుండ్రి అందామంటె నాకు మాట్లాడే హుకుం లేదు. నోరు మూసుకున్న. భుజం పోయింది, అందరం పడ్డం, ఒక పిలగాని కాలు పోయింది. అందుకే చెప్తాన. బరువెంతున్నదో మోసేటోళ్లకే ఎరుక. వాళ్లే చెప్పాలె."

నడుమ నిలబడేది సమ్మమ్మ కాబట్టి ఆ మాట చెప్పే పని ఆమె మీద పడింది. మొదటిరోజు అందరూ ఎవరి చోట్లో వాళ్ళు నిలబడి ఎదురుచూశారు. సమ్మమ్మ నోరు తెరవలేదు.

"చెప్పు బిడ్డా," అన్నాడు సార్.

"ఏమో."

సార్ చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ఎవరూ కదల్లేదు. వంటింట్లో పప్పు మాడుతున్న వాసన వచ్చింది. ఆయన అటు చూశాడు గాని పోలేదు. రాహేలు సమ్మమ్మ ముందుకొచ్చి తలెత్తి, "అక్కా, ఎక్కాల్నా?" అని అడిగింది.

"ఎక్కు," అంది సమ్మమ్మ. చీమకు వినిపించేంత గొంతుతో అంది. అయినా ఎక్కారు. తను అన్నందుకు పిల్లలు ఎక్కారు! ఆ పూట హాస్టల్లో అందరూ మాడిన పప్పే తిన్నారు, ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తరువాత ఆ గొంతు వారవారం పెరిగింది. ఆట అయ్యాక గుండ్రంగా కూర్చుని ఎవరి మాట వాళ్ళు చెప్పుకోవడం కూడా ఉండేది. అందరికన్నా చిన్నవాళ్ళతో మొదలై సార్‌తో ముగిసేది. రాహేలు ప్రతివారం తనకు పుట్టిన భయాలు చెప్పేది. శ్రీనివాస్ గొప్పలు చెప్పేవాడు. సమ్మమ్మ మొదట్లో నవ్వి ఊరుకునేది. ఒకనాడు, "రాహేలూ, నువ్వెక్కేటప్పుడు మడిమెతోని తొక్కుతానవు, నొస్తాంది. వేళ్లతోని తొక్కు," అంది. అంత పొడుగు వాక్యం ఆమె నోట విని శ్రీనివాస్ గొప్పలు చెప్పడం మరిచిపోయాడు. ఆ వారం నుంచి ఆమెను బస్తా అనడం కూడా మరిచిపోయాడు.

ఇంట్లో మాత్రం కట్టయ్యకు ఈ సంగతి గిట్టలేదు. కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. ఒక సాయంత్రం భుజం మీది తువ్వాల తీసి, కమిలిపోయిన చర్మాన్ని చూపించాడు.

"నేను మోస్తాన అంటె మన బువ్వ కోసం. నా బిడ్డకు ఈ మోసుడు తప్పాలెనని నేనేడుస్తాంటె, నువ్వు పోయి ఉత్తగ మోస్తానవా? అది ఆటనా?"

సమ్మమ్మ దగ్గర జవాబుంది. అది చెప్పడం ఎట్లాగో తెలియలేదు. తండ్రి భుజం వైపు చూస్తూ కూర్చుంది. ఆమె చెప్పలేకపోయిన ఆ జవాబు కట్టయ్య కళ్ళతోనే చూడాల్సి వచ్చింది, ఏడాది తరువాత.

డెబ్బై ఎనిమిదిలో హాస్టల్ వార్షికోత్సవం వచ్చింది. శనివారం సర్కస్‌ను మొట్టమొదటిసారి జనం చూడబోతున్నారు. హాస్టల్ సెక్రటరీ సుందర్ రావు మంచి మనిషే. వచ్చినప్పుడల్లా పిల్లలకు జామపండ్లు తెచ్చేవాడు. ఆయన ఒకరోజు నిలబడి ఆట అంతా చూసి, చప్పట్లు కొట్టి, కృపానందాన్ని పక్కకు పిలిచాడు. పక్కకు పిలిచాడన్న మాటే గాని ఆయన గొంతు ఆవరణంతా వినిపించేది.

"కృపానందం, బ్రహ్మాండంగ ఉన్నది. ఒక్కటే మాట. గెస్టులొస్తరు, ఫోటోలు దీస్తరు. ఆ లావుపిల్ల నడుమ నిలబడితె ఏం బాగుంటదయ్యా? కింద మగపిల్లలను పెట్టు. ఆమెను పరదా వెనక డప్పు కొట్టుమను. ఆమె సుత ఉన్నట్టే ఉంటది."

సమ్మమ్మ అప్పుడు జంపఖానా దులుపుతోంది. దులపడం ఆపలేదు. పిల్లలందరూ ఆమెనే చూస్తున్నారని తెలిసి ఇంకా గట్టిగా దులిపింది. ఉన్నది ఒకే ఒక్క చోటు. ఇంట్లో కాదు, బడిలో కాదు, ఈ నాలుగు జంపఖానాల మేర జాగాలోనే ఆమె సమ్మమ్మ. అది కూడా పోతోంది.

"పిల్లలతోని మాట్లాడి చెప్తా సార్," అన్నాడు కృపానందం. వంటమనిషి తనకు ఆ మాట చెప్పడమేమిటని సుందర్ రావు తెల్లబోయాడు. అయినా మర్యాదస్తుడు కాబట్టి, తానూ వింటానని కుర్చీ తెప్పించుకున్నాడు. అందరూ గుండ్రంగా కూర్చున్నారు.

రాహేలు ముందుగా లేచింది. లేవాల్సిన పద్ధతి లేకపోయినా లేచింది. "శ్రీనివాస్ అన్న మీద నేనెక్క. అన్న ఊగుతడు. సమ్మక్క ఊగదు."

శ్రీనివాస్ వంతు వచ్చేసరికి వాడి మొహం ఎర్రబడింది. నడుమ చోటు వాడికే వచ్చేది మరి. "నాకు నడుమ వద్దు సార్. ఊగుతున్నది నిజమే. పక్కన సమ్మమ్మ ఉన్నదన్న ధైర్యంతోనే నిలబడుతాన," అన్నాడు. ఏడాదిన్నరలో వాడు గొప్పలు కాకుండా మాట్లాడింది అదే.

మిగతా పిల్లలు తలా ఒక మాట అన్నారు. చివరికి సమ్మమ్మ దగ్గరికి వచ్చింది. సార్ చేతులు వెనక్కి పోయాయి. ఆమె తరఫున ఆయన ఒక్క మాట చెబితే చాలు, సుందర్ రావు వినేవాడే. ఆయన చెప్పలేదు. ఆ నిమిషంలో సమ్మమ్మకు సార్ మీద పట్టరాని కోపం వచ్చింది. చాలా ఏళ్ళకు, తన మాటను ఆయన మోయకుండా వదిలేసింది తనను నమ్మే కదా అని ఆమెకు అర్థమయింది గాని, ఆ నిమిషంలో కోపమే.

"నేను..." అంది. ఆగింది. "నేను పరదా వెనుకకు పోను సార్. నడుమ నేనే నిలబడ్త. ఫోటో బాగ రాకుంటె మానె."

సుందర్ రావు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఏదో అనబోయి, పిల్లల మొహాలు చూసి, నవ్వేశాడు. "సరె తల్లీ, నిలబడు," అన్నాడు. చెప్పానుగా, మంచి మనిషే.

వార్షికోత్సవం రోజు ఆవరణ నిండిపోయింది. రాహేలు వాళ్ళమ్మ ఊరి నుంచి వచ్చి ముందు వరుసలో నేల మీద కూర్చుంది. మొగిలమ్మ వచ్చింది. కట్టయ్య రానన్నాడు. అన్నవాడు గేటు దగ్గర తువ్వాల భుజాన వేసుకుని నిలబడి ఉన్నాడు, లోపలికీ రాడు, పోనూ పోడు.

సమ్మమ్మ "ఎక్కు" అంది. ఇద్దరు ఎక్కారు. రాహేలు వచ్చింది. సమ్మమ్మ మోకాలి మీద కాలు పెట్టి, భుజం మీదికి లేచి, పైనున్న ఇద్దరికీ చేతులందించింది. ఆ లేవడంలో రాహేలు కాలు సమ్మమ్మ చెంపకు తగిలింది. ఇంకొక్క అడుగు వేస్తే గోపురం పూర్తయ్యేది. కాని ఎదురుగా తల్లి ఉంది. తల్లి ముందు అక్క మొహానికి కాలు తగిలింది. ఏడాదిన్నర దాచిపెట్టుకున్న అలవాటు పిల్లను ఒక్కసారిగా వంచేసింది. ఒక చెయ్యి విడిపించుకుని సమ్మమ్మ చెంప తాకడానికి వంగింది. పైనున్న ఇద్దరూ పక్కకు ఒరిగారు. శ్రీనివాస్ ఊగిపోయాడు. కింది వరుస మోసే బరువంతా సమ్మమ్మ మీదికి వచ్చి పడింది. మోయగలననే ఆమెకు అనిపించింది. పళ్ళు బిగించి మోస్తే ఎవరికీ తెలియకుండా గట్టెక్కిపోవచ్చు. గెస్టులున్నారు, ఫోటోలున్నాయి. అప్పుడామెకు సార్ భుజం గుర్తొచ్చింది.

"దిగు!" అని అరిచింది.

ఆ అరుపు గేటు దాకా వినిపించింది. ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే, నేర్చుకున్న వరసలో, ఒకరి తరువాత ఒకరు కిందికి దిగారు. ఎవరికీ గీత కూడా పడలేదు. జనంలో ఎవరో నవ్వారు. ఎవరో ఈలేశారు. రాహేలు మొహం ముడుచుకుని ఏడవడానికి తయారైంది. కృపానందం పక్కనే ఉన్నాడు. చేతులు వెనక్కే ఉన్నాయి. ఒక చేత్తో ఇంకో చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాడో వేళ్ళు తెల్లబడ్డాయి.

సమ్మమ్మ రాహేలు వైపు వంగింది. "దిగినంక మొక్కుదువు తియ్, ఇప్పుడు కాదు," అంది. నిటారుగా లేచి అందరికీ వినబడేట్టు, "మళ్ల! ఎక్కు!" అంది.

గోపురం లేచింది. రాహేలు పైన చేతులు చాచి నిలబడింది. సమ్మమ్మ చాలనుకున్నంతసేపు గోపురం నిలబడింది. ఆమె "దిగు" అన్నాక అందరూ దిగారు. చప్పట్లు కొడుతున్న జనం, దిగిన పిల్లలు కిందివాళ్ళ దగ్గరికి వెళ్ళి భుజాలు తాకి కళ్ళకద్దుకోవడం చూసి, అదేమిటో అర్థంకాక ఒక్క క్షణం ఆగారు. తరువాత కొట్టిన చప్పట్లు ఇంకో రకంగా ఉన్నాయి. మొగిలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

తిరిగి ఇంటికి నడుస్తుంటే కట్టయ్య వాడ మలుపు దగ్గర ఆగాడు.

"నువ్వు దిగుమంటె దిగుతరా వాళ్లు?"

"దిగుతరు, నాయినా."

"పెద్దింటి పిలగాడు సుత నీ మాట వింటడా?"

"వింటడు. కింద మోసేటోళ్లు చెప్తెనే అందరు వినాలె, నాయినా. అక్కడ గంతే."

కట్టయ్య తువ్వాల తీసి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "నన్ను ఎన్నడు ఎవ్వరడుగలె," అన్నాడు. ఆ తరువాత శనివారం మధ్యాహ్నాలు పిల్లకు ఇంట్లో ఏ పనీ చెప్పొద్దని మొగిలమ్మకు ఆయనే చెప్పాడు.

సమ్మమ్మ పది దాటి చదవలేదు. ఉప్పలయ్యను చేసుకుంది. ఎనుమాములలో కొత్త మార్కెట్ వచ్చాక మిర్చి కల్లాల్లో కాయలేరే పనికి చేరింది. అక్కడ ఆడవాళ్ళు కళ్ళు మండి, నడుములు పట్టేసి, మేస్త్రీకి చెప్పలేక కూర్చుంటే, "ఆగు మేస్త్రీ, జర సేపు నీడకు పోయొస్తరు," అని గట్టిగా అనేది సమ్మమ్మే. నోరు పెద్దదని పేరొచ్చింది. బస్తా అన్న పేరుకన్నా ఇది నయమని నవ్వేది. శనివారం మధ్యాహ్నం మాత్రం ఎంత మిర్చి వచ్చినా కల్లంలో ఉండేది కాదు. సార్ వయసు మీదపడ్డాక పిల్లలకు నేర్పించేది ఆమే. తన ఇద్దరు పిల్లలూ ఆ జంపఖానాల మీదే నడక నేర్చారు. సంపాదన చెప్పుకోదగ్గదేమీ లేదు, పెద్ద ఇల్లూ లేదు. అయినా రాత్రి పడుకునే ముందు దేవుళ్ళందరికీ దండం పెట్టుకుని, ఆ వరసలోనే ఆ దేవుళ్ళెవరికీ చెందని కృపానందం సార్‌కు కూడా ఒక దండం పెట్టుకునేది. యేసుప్రభువు ఏమీ అనుకోడులే అని ఉప్పలయ్యతో అనేది.

ఎనభై ఏడులో కృపానందం డోర్నకల్‌లో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోదామనుకున్నాడు. కీళ్ళు సహకరించడం లేదు, పెద్ద గిన్నెలు దించలేకపోతున్నాడు. వెళ్ళే ముందు శనివారం పాతవాళ్ళంతా వచ్చారు. శ్రీనివాస్ తన తండ్రి మగ్గాల మీద నేయించిన కొత్త జంపఖానా తెచ్చాడు, ఈసారి చుట్ట తానే మోసుకొచ్చాడు. రాహేలు దవాఖానలో నర్సు పని నేర్చుకుంటోంది, డ్యూటీ మార్చుకుని వచ్చింది.

ఆట అయ్యాక గుండ్రంగా కూర్చున్నారు. చిన్నపిల్లలు మాట్లాడారు. రాహేలు వంతు వచ్చింది.

"సార్, చిన్నప్పటినుంచి అడగాల్ననుకుంటాన. మీరెప్పుడన్న పైన నిలబడ్డరా?"

కృపానందం తల అడ్డంగా ఊపాడు. "సర్కస్‌ల కిందనే, ఇక్కడ నేల మీదనే. పైన ఎట్లుంటదో ఎన్నడెరుగ."

అందరూ సమ్మమ్మ వైపు చూశారు. మాట ఆమెదే కదా.

సమ్మమ్మ లేచి జంపఖానా నడుమకొచ్చి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడింది. "ఎక్కుండ్రి సార్," అంది.

"ఏమో బిడ్డా," అన్నాడు కృపానందం.

సమ్మమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. తొందరపెట్టలేదు. పిల్లలు కిచకిచ నవ్వి ఆగిపోయారు. ఆయన లేచాడు, లుంగీ మడిచి కట్టాడు, మీసం దువ్వుకున్నాడు. సమ్మమ్మ ఒక మోకాలి మీద కూర్చుంది. ఒక పక్క శ్రీనివాస్, ఇంకో పక్క రాహేలు పట్టుకుని ఆయన్ను ఆమె భుజాల మీద కూర్చోబెట్టారు. సమ్మమ్మ నెమ్మదిగా లేచింది. ఊగలేదు. పైన ఆయన కాసేపు సమ్మమ్మ జుట్టు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. తరువాత వదిలేశాడు. లేవని ఎడమ చెయ్యి లేచినంతవరకు, మంచిగా ఉన్న కుడి చెయ్యి పూర్తిగా చాచాడు.

"ఏం కనవడ్తాంది సార్?" అని అరిచాడు ఒక పిల్లవాడు.

"వంటింటి కప్పు మీద బంతి ఉన్నదిరా! ఎప్పుడో పోయిన బంతి! ఇంక అక్కడనే ఉన్నది!"

ఆవరణంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా. సమ్మమ్మ చాలాసేపు దిగమనలేదు. మోయగలిగింది కాబట్టి మోసింది. చివరికి చాలా మెల్లగా "దిగుండ్రి సార్" అంది.

దిగాక ఆయన పక్కకు పోలేదు. సమ్మమ్మ ఎదురుగా నిలబడి చెయ్యి చాచాడు. ఏం చేయబోతున్నాడో అర్థమై ఆమె వెనక్కి జరగబోయింది.

"వద్దు సార్, పెద్దోళ్లు మొక్కొద్దు. నాకు ఆయుష్షు తగ్గుతది."

"ఎక్కినోళ్లు మొక్కాలె గద బిడ్డా. ఆ పద్ధతి పెట్టింది నేనే," అన్నాడు కృపానందం. "నిలబడు. మొదటి రోజు నిలబడ్డవు సూడు, అట్లనే నిలబడు."

సమ్మమ్మ నిలబడింది. ఆయన చెయ్యి భుజాన్ని తాకి, మెల్లగా లేచి, ఆయన కళ్ళదాకా వెళ్ళేవరకూ కదలకుండా నిలబడింది.